మోకు జారని టోపీ స్వెట్టర్

చలికాలం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి లోకం క్యాలెండర్ చూస్తుంది. నేను నా ఛాతీని వినేవాణ్ణి. తెల్లవారుజామున మెలకువ రాగానే గట్టిగా ఊపిరి పీల్చి, అడుగున ఎక్కడైనా పిల్లికూత ఉందా అని చెవి పెట్టేవాణ్ణి. ఉంటే చలి వచ్చినట్టే. ముందటేడు ఆ పిల్లికూతలే ముదిరి నెమ్ము చేసి నన్ను దవాఖానలో పడేశాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాతో కాకుండా నా భార్యతో మాట్లాడాడు. చెమట పట్టిన ఒంటికి చలిగాలి తగలకూడదట. ఛాతీ, చెవులు వెచ్చగా ఉండాలట, అలాగని ఉక్కపోయకూడదట. ఇంకోసారి ఇదే పరిస్థితిలో తీసుకొస్తే తట్టుకుంటాడన్న నమ్మకం తనకు లేదని కూడా అన్నాడు.

నా పని ఇంకేదైనా అయితే ఈ జాగ్రత్తలన్నీ తీసుకునేవాణ్ణే. కానీ నేను ఈత చెట్లు గీసేవాణ్ణి. మెదక్ నుంచి కుల్చారం పోయే రోడ్డు పక్కన మా కల్లుగీత సంఘానికి ఈతవనం ఉంది. ఈత కల్లు పారేదే చలికాలంలో. పొద్దు పొడవకముందే చెట్టెక్కాలి. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి వేసుకునే మోకు మీద బరువు మోపి పైకి పోతుంటే ఒళ్ళంతా చెమట. పైకి చేరి, వెనక్కి వాలి, కత్తితో చెట్టు మెడ గీస్తూ నిలబడితే ఎముకలు కొరికే గాలి. దిగి, ఇంకో చెట్టు. మళ్ళీ చెమట, మళ్ళీ గాలి. డాక్టరు వద్దన్నదే నా కొలువు.

పోనీ ఆ చలికాలానికి మానేద్దామంటే సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. గీయక వదిలేసిన చెట్లు మళ్ళీ ఏడు ఇంకొకరికి పోతాయి. అవి పోతే నాకు ఇంకేమీ లేదు. డిగ్రీ ఉంది కదా అంటారేమో. ఉంది, గోడకు మేకేసి తగిలించాను. మా కాలానికి సర్కారు కొలువులు తగ్గి బజార్లో సరుకులు పెరిగాయి. ఏ దుకాణంలో చూసినా ఏ దేశానివో బట్టలు వేలాడేవి, అవి కొనుక్కునే జీతం మాత్రం ఎక్కడా వేలాడలేదు. మన రాష్ట్రం మనకొస్తే మన కొలువులు మనకొస్తాయని ఊళ్ళన్నీ రోడ్డెక్కిన రోజులవి. నేనూ ఊరేగింపుల్లో నడిచాను, గొంతు పోయేదాకా అరిచాను. ఇంటికొచ్చాక మాత్రం కొలువు మాటే ఎత్తేవాణ్ణి కాదు. నేను మాట్లాడకుండా కూర్చుంటే నా భార్య నా మొహంలోకి చూస్తూ కూర్చునేది. ఆ చూపు నాకు చిరాకు. ఇంకో చిరాకు ఏమిటంటే, పొద్దుటి పేపర్ నా చేతికి దొరకనిచ్చేది కాదు. అన్నం గంప కిందో, బియ్యం డబ్బా వెనకో పెట్టేసేది. అడిగితే, "సదివి ఏం జేస్తవు, గవే ఏడుపులు" అనేది.

కాబట్టి చెట్టు మీద నా ఊపిరిని కాపాడే బట్ట ఒకటి కావాలి. వినడానికి ఎంత తేలిక!

మా వాళ్ళలో ఎవరూ చెట్టు మీదికి బట్ట వేసుకోరు. గోచీ, తలకు తువాల, అంతే. మోకుకూ ఒంటికీ మధ్య ఏదీ రాకూడదని మా లెక్క. నాకు మోకు పట్టడం నేర్పింది మా మేనమామ. నేను స్వెట్టర్ మాటెత్తగానే ఆయన కల్లు ముంత కింద పెట్టి మరీ నవ్వాడు.

"మా తాత గోచితోనే ఎక్కిండు, మా అయ్య గోచితోనే ఎక్కిండు. నీకు కోటు గావల్నా అల్లుడా? బూట్లు గూడ దెచ్చుకో, సూటు గుట్టిపియ్యి."

"నీకు దమ్ము రోగం లేదు మామా, నాకుంది," అన్నాను కోపంగా.

మొదట బస్టాండు దగ్గర నేపాలోళ్ళ రాశిలోంచి ఉన్ని స్వెట్టర్ కొన్నాం. ఈతమట్టల మొదట్లో ముళ్ళుంటాయి, సూదుల్లాంటివి. మొదటి చెట్టు మీదే ఒక పోగు ముల్లుకు తగులుకుంది. నేను చూసుకోలేదు. దిగుతూ ఉంటే స్వెట్టర్ నా వెంట రాకుండా చెట్టుతోనే ఉండిపోతానని మొరాయించింది. కిందికొచ్చేసరికి ఒక చేతికి సగమే మిగిలింది. మిగిలింది కూడా చెమట పీల్చి తడిసి బరువెక్కి, గాలి తగలగానే మంచులా ఒంటికి అతుక్కుంది. ఆ రాత్రి పిల్లికూతలు పక్కింటికి కూడా వినిపించాయట.

తర్వాత జర్కిన్. ముల్లు పట్టదు, గాలి చొరదు, బ్రహ్మాండం అనుకున్నాను. అది తొడుక్కుని ఒక ఉదయం వనంలో అన్నిటికంటే పొడుగు చెట్టు మీద, వెనక్కి వాలి కత్తి తీశాను. నడుము దగ్గర ఉండాల్సిన మోకు ఆ నున్నటి బట్ట మీద మెల్లగా పైకి జారడం మొదలుపెట్టింది. నడుము నుంచి వీపుకు, వీపు నుంచి చంకల్లోకి. ఇంకొంచెం జారితే తల మీదుగా పోతుంది, దానితో పాటు నేను కిందికి పోతాను. కత్తి వదిలేసి చెట్టును కావలించుకున్నాను. ముళ్ళు బుగ్గలో దిగాయి. అలాగే, చెట్టును వదలకుండా, పసిపిల్లాడు తల్లి మీంచి జారినట్టు జారుకుంటూ దిగాను. కింద మామ నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయన నవ్వలేదు. జర్కిన్ విప్పి చేతికిచ్చి, "గిది మల్ల ఏసుకుంటె నీ మోకు నేనే దాసిపెడ్త," అన్నాడు.

నా బుగ్గ చూసి ఇంట్లో ఏడుపు ఉంటుందనుకున్నాను. నా భార్య ఏడవలేదు. పసుపు అద్ది, అసలు ఆ బట్టకు ఏమేం ఉండాలో చెప్పమంది. చెప్పాను. ముల్లుకు పోగు లేవకూడదు. మోకు జారకూడదు. ఎక్కుతుంటే ఉక్కపోయకూడదు, పైన గాలికి చలి ఆపాలి. మరీ మందం ఉంటే చెయ్యి ఆడదు, మరీ పలచనైతే దండగ. తువాల తల మీంచి జారిపోతోంది కాబట్టి చెవులు మూసే టోపీ బట్టతోనే కలిసి ఉండాలి.

"గంతేనా?" అంది.

"అంతే. పెళ్ళి సంబంధం లెక్కనే ఉంది," అన్నాను.

"సంబంధమే అల్కగ దొరికింది నీకు," అంది.

రెండో రోజు చెట్లు దిగి, మోకు భుజాన ఉండగానే ఆమెతో బజారుకు పోయాను. సందులో ఒక సాహెబ్ దుకాణం ఉండేది. హైదరాబాద్ నుంచి ఎక్స్‌పోర్ట్ మాల్ తెచ్చి అమ్మేవాడు. ఏదో చిన్న లోపం ఉందని విదేశాల వాళ్ళు వద్దన్న బట్టలు. ఆయన మూడు టోపీ స్వెట్టర్లు పరిచాడు. "ఫ్లీస్ అంటరు భాయ్ దీన్ని. ఉన్ని గాదు, గని ఉన్ని కంటె మస్తు గరం."

ఒకటి బనియన్ అంత పలచన. ఒకటి బొంతంత మందం. మూడోది నడిమి రకం, బూడిద రంగు. ముందు జిప్పు, వెనక టోపీ. నా భార్య బట్టను నోటికి ఆనించుకుని ఊదింది. మందపు దానిలోంచి ఊపిరి అవతలికి రాలేదు, పక్కన పెట్టింది. తర్వాత కొంగు ముడి విప్పి ఒక ఈత ముల్లు తీసింది. ఇంటి దగ్గర నుంచి కట్టుకుని తెచ్చింది. ఆ ముల్లుతో బట్ట మీద బరబరా గీకింది.

"యా అల్లా! ఏం జేస్తున్నవ్ చెల్లె? కొననీకొచ్చినవా, చింపనీకొచ్చినవా?" సాహెబ్ బల్ల మీదికి వంగి బట్ట లాక్కోబోయాడు.

పోగు లేవలేదు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు ఈసారి నాకు చిరాకు తెప్పించలేదు.

ఇక మిగిలింది మోకు. అది చూసుకునేలోపే సందు మొదట్లో కేకలు వినిపించాయి. బంద్ అని ఎవరూ ముందుగా చెప్పలేదు, అప్పటికప్పుడు పిలుపిచ్చారట. టపటపా షటర్లు పడుతున్నాయి. సాహెబ్ మమ్మల్ని లోపలే ఉంచి షటర్ దించేశాడు. దుకాణం చీకటైంది. బయట జై తెలంగాణ నినాదాలు మా మీదికే వస్తున్నట్టు వినిపించాయి. అవి నా నినాదాలే, నిన్న నేనూ అరిచినవే. అయినా మూసిన షటర్ వెనక నిలబడి వింటే ఎవరివో అనిపించాయి. షటర్ మీద రాయో కట్టో ధన్‌మని తగిలింది. సాహెబ్ పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

"ఏసుకో," అంది నా భార్య చెవిలో.

"ఇప్పుడా?"

"ఇప్పుడు గాకుంటె ఎప్పుడు? జల్ది."

దుకాణం నడుమ సిమెంటు కంబం ఒకటి ఉంది. స్వెట్టర్ వేసుకుని, మోకు కంబం చుట్టూ తిప్పి నడుముకు వేసుకున్నాను. ఒక పాదం కంబానికి తన్నిపెట్టి వెనక్కి వాలాను. నా భార్య పక్కన కూర్చుని, మోకు ఎక్కడుందో వేలితో తడిమి చూసింది. ఇంకా వాలమంది. వాలాను. కొంచెం కదలమంది. కదిలాను. బయట నినాదాలు, లోపల కంబానికి వేలాడుతున్న నేను, నా నడుము పట్టుకుని నా భార్య. సాహెబ్ భయం మరచిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. స్వెట్టర్ అంచు బిగువుగా ఉంది, నడుము మీదే ఆగింది. మోకు ఆ అంచుకు దిగువన పట్టుకుని కూర్చుంది, వేలెడు కూడా పైకి రాలేదు.

"జారుతలేదు," అంది ఆమె. అప్పుడు ఏడ్చింది.

బజారు తెరుచుకునేదాకా మేము ఆ చీకట్లోనే కూర్చున్నాం. సాహెబ్ తన ఫ్లాస్కులోంచి చాయ్ పోశాడు. బేరం ఆడే ఓపిక ఇద్దరికీ లేదు.

ఆ స్వెట్టర్‌తో నా బతుకు మారిందంటే అతిశయం కాదు. ఎక్కేటప్పుడు జిప్పు దించుకునేవాణ్ణి, పైకి చేరగానే గొంతు దాకా లాక్కుని టోపీ వేసుకునేవాణ్ణి. చెమట పట్టినా లోపల తడి నిలిచేది కాదు. ఆఖరి చెట్టు దిగేసరికి కూడా ఛాతీలో కూత లేదు. "సీన్మ హీరో వచ్చిండు," అని మామ రోజూ ఏడిపించేవాడు, కానీ ఒకరోజు చాటుగా దాని చేతిని తడిమి చూడటం నేను గమనించాను.

టోపీతో ఒకటే ఇబ్బంది. చెవులు పూర్తిగా మూసుకుపోయేవి. గాలి హోరు, నా ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినిపించేది కాదు. నాకు అదీ ఇష్టంగానే ఉండేది. కింద లోకం ఏమన్నా నాకు పట్టనక్కరలేదు.

ఆ ఉదయం పొగమంచు ఇంకా విడలేదు. రోడ్డు పక్కనున్న పొడుగు చెట్టు మీద, టోపీ కప్పుకుని, వెనక్కి వాలి గీస్తున్నాను. మామ వనం లోపలి వైపు ఉన్నాడు. చెట్టు కొద్దిగా ఊగింది. గాలి అనుకున్నాను. మళ్ళీ ఊగింది. గాలికి చెట్టు పై నుంచి ఊగుతుంది, ఇది కింది నుంచి ఊగుతోంది. చూద్దామని తల తిప్పేలోపు ఎవరో నా కాలి మడమ గట్టిగా పట్టుకున్నారు.

 చెట్టు మీద ఉన్నవాడి కాలు ఎవరూ పట్టరు, మామ అయినా పట్టడు. కాలు విదిల్చాను. ఆ పట్టు వదలలేదు, కిందికి గుంజింది. పాదం చెట్టు మీంచి తప్పిపోయింది. బరువంతా మోకు మీద పడింది, నేను పక్కకు తిరిగిపోయాను, కత్తి చేతిలోనే ఉంది. జర్కిన్ రోజు కళ్ళ ముందు కదిలింది. ఇక చంకల్లోకి వస్తుంది, ఇక తల మీదుగా పోతుంది అని కళ్ళు మూసుకున్నాను. మోకు నడుమును కరుచుకుని ఉండిపోయింది. జారలేదు.

చెట్టును అదుముకుని, ఎడమ చేత్తో టోపీ వెనక్కి లాగేశాను. అప్పుడు కింది లోకం ఒక్కసారిగా చెవుల్లో పడింది.

"వద్దన్నా! వద్దు! దిగు!"

"కత్తి ఇడిసిపెట్టు తమ్మీ!"

"దిగు బిడ్డా, వస్తది, మన రాష్ట్రం మనకొస్తది, నీ కాల్మొక్త దిగు!"

రోడ్డు మీద ఆటో అడ్డంగా ఆగి ఉంది. కుల్చారం వైపు నుంచి మెదక్ దీక్షా శిబిరానికి పోతున్న జనం. చెట్టు చుట్టూ మూగి, చేతులు పైకెత్తి అరుస్తున్నారు. నా కాలు పట్టుకున్నది నా ఈడు మనిషి, మోకు లేకుండా మట్టల మొదళ్ళ మీద కాళ్ళు పెట్టి పాకుతూ వచ్చాడు. అరచేతులు ముళ్ళకు చీరుకుని రక్తం కారుతోంది. అయినా నా మడమ వదలలేదు.

నాకు అప్పుడు అర్థమైంది. గీసేవాడు స్వెట్టర్ వేసుకుని చెట్టెక్కడని ఈ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. పొగమంచులో వాళ్ళకు కనిపించింది కల్లు గీసే గౌండ్లాయన కాదు. మొహం కనిపించకుండా టోపీ కప్పుకుని, నడుముకు తాడుతో, చేతిలో కత్తితో చెట్టు కొనకెక్కిన ఎవరో చదువుకున్న కుర్రవాడు. ఎంత పిలిచినా పలకడంలేదు. ఆ రోజుల్లో రాష్ట్రం రాదేమోనని పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు. వాళ్ళు ఇంకేమనుకోవాలి?

"కల్లు గీస్తున్ననే!" అని అరిచాను. "గౌండ్లోన్ని! మోకు చూడరాదా!"

 పట్టుకున్నవాడు నా మొహంలోకి, చెట్టుకు కట్టిన కల్లు లొట్టిలోకి, మళ్ళీ నా మొహంలోకి చూశాడు. మెల్లగా కాలు వదిలాడు. కింద ఎవరో నవ్వారు, కానీ ఆ నవ్వు ముందుకు సాగలేదు. ఎందుకంటే చెట్టు మొదట్లో ఒక పెద్దావిడ నిలబడి ఉంది, కొంగు రెండు చేతులా పరిచి పట్టుకుని. నేను పడితే అందులో పట్టుకుందామని. నేను గౌండ్లోన్ని అని అరిచాక కూడా ఆమె ఆ కొంగు దించలేదు. నేను నేల మీద పాదం పెట్టేదాకా అలాగే పట్టుకుని ఉంది.

దిగి అక్కడే కూర్చున్నాను. కోపంతో తిట్టాలనుకున్నాను, చంపేవాళ్ళు కదరా అని. కానీ ముక్కూ మొహమూ తెలియని ఇంతమంది నా కోసం అలా అరిచారు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆటో డ్రైవర్ నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు, "ఆమె కొడుకు పోయిన్నెల పోయిండన్నా. గట్లనే. చెట్టుకు."

ఆమె వచ్చి నా ముందు కూర్చుంది. చెమటతో తడిసిన నా మెడను కొంగుతో తుడిచింది. జిప్పు పట్టుకుని గొంతు దాకా లాగింది. టోపీ తీసి నా తల మీద వేసి, చెవుల మీదికి సర్దింది.

"సలువెడ్తది, కప్పుకో," అంది. "గని పిలిస్తె పలుకు బిడ్డా."

మామ అప్పటికి పరుగున వచ్చాడు. చెట్టు పాకి వచ్చినతని చేతులకు ఈతాకు నలిపి కట్టబోయి, ఏమనుకున్నాడో తన తల తువాల చింపి కట్టాడు. అందరికీ కల్లు పోశాడు. ఆమె తాగలేదు.

ఇంటికొచ్చి నా భార్యకు నవ్వుతూనే చెప్పాను, ముందు తమాషా భాగాలన్నీ. ఆమె నవ్వలేదు. పూర్తిగా విని, అడిగింది.

"నువ్వు గీయనీకే ఎక్కినవు గదా?"

నాకు ఒళ్ళు మండింది. ఇదేం ప్రశ్న, మతి ఉందా అని లేచాను. లేచి ఆమె మొహం చూశాను. ఆమె నిజంగానే అడుగుతోంది. నేను మాట్లాడకుండా కూర్చున్న సాయంత్రాలన్నీ ఆమె నా మొహంలో వెతికింది దాన్నే. రోజూ ఆ చావు కబుర్లు మోసుకొచ్చే పేపర్లన్నీ దాచింది అందుకే. స్వెట్టర్ కోసం అంత తిరిగింది నా ఊపిరితిత్తుల కోసం ఒక్కటే కాదు. చెట్లు చేజారకుండా, చలికాలం దాటిన తర్వాత కూడా నేను బతకడానికి ఏదో ఒకటి ఉండాలని.

"గీయనీకే ఎక్కిన," అన్నాను. "ఒట్టు. గీయనీకే."

ఆమె తలూపింది. గోడకున్న స్వెట్టర్ తీసి ఒళ్ళో పెట్టుకుని, కత్తెర తెచ్చి, టోపీకి చెవులుండే చోట అటొకటి ఇటొకటి చీలిక కోసింది. అంచులు ఊడిపోకుండా కాజాలు కుట్టినట్టు దగ్గరగా కుట్టింది.

"గాలి దూరుతదే చెవుల్లకు," అన్నాను.

"దూరనీ," అంది దారం కొరుకుతూ.

మిగిలిన చలికాలమంతా నా చెవులు గడ్డకట్టాయి. ఛాతీకి ఏమీ కాలేదు. ఏ చెట్టు మీద ఉన్నా, ఎవరు పిలిచినా, గీత ఆపి ముందు పలికేవాణ్ణి.